మీ బండి ఎంతిస్తుంది?



కొత్త కారు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంకా గంట కాలేదు. ఎదురింటాయన గేటు దగ్గరికొచ్చాడు. రంగు బాగుందనలేదు, ఎంత పడిందని అడగలేదు. బానెట్టు మీద రెండు వేళ్లతో తట్టి, "ఎంతిస్తంది మేస్టారూ?" అన్నాడు.

మన పల్నాడులో ఈ ప్రశ్నకి ముందూ వెనకా ఇంకో మాట అక్కర్లేదు. నరసరావుపేట మల్లమ్మ సెంటర్లో అడిగినా, మాచర్ల బస్టాండు దగ్గర అడిగినా అర్థం ఒకటే: లీటరు పెట్రోలుకి ఎన్ని కిలోమీటర్లు అని. నాకు మాత్రం ఆ మాట చెవిన పడగానే కారు పోయి గేదె గుర్తొచ్చింది.

నాకప్పుడు పదేళ్లుంటాయి. మా నాన్న గేదెను కొనడానికి గురజాల వైపు ఓ పల్లెకు వెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. అమ్మేవాడు గేదె వీపు నిమురుతూ, "పూటకి నాలుగు శేర్లు, కళ్లు మూసుకుని ఇస్తంది" అన్నాడు. పొదుగు చూస్తే అది తక్కువ చెప్పాడేమో అనిపించేట్టుంది. నాన్న ఔననలేదు, కాదనలేదు. తుండు పరుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం పితికించాడు. మర్నాడు పొద్దున పితికించాడు. మళ్లీ సాయంత్రం దాకా ఉండి పితికించాడు. మొదటి పూట నాలుగు శేర్లూ వచ్చాయి. తర్వాత రెండు పూటలూ మూడు దాటలేదు. మేం వస్తున్నామని తెలిసి, అంతకు ముందు పూట పాలు తీయకుండా ఆపి ఉంచారన్నమాట.

నాన్న కోప్పడలేదు. నింపాదిగా మూడు ప్రశ్నలు అడిగాడు. "దీనికేం పెడుతున్నారు? ఎక్కడ మేస్తంది? ఎవరి చేతికి చేపుతుంది?" మూడింటికీ జవాబులు విన్నాకే బేరంలోకి దిగాడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరైన వాణ్ని. కారు మైలేజీ గురించి ఎంత చదివినా, ఎంత లెక్క కట్టినా, అదంతా నాన్న అడిగిన మూడు ప్రశ్నల్లోనే ఇమిడిపోతోంది. ఈ పూట ఆ మూడు ప్రశ్నలూ మన చిన్న కారుని అడుగుదాం. నా కారు పేరు చెప్పను. అది రేడియో మర్యాద. ఒక లీటరు ఇంజను, మూడు సిలిండర్లు, కాగితం మీద లీటరుకు 24 కిలోమీటర్ల చిల్లర. మీలో చాలామంది ఇంటి ముందున్న బండి కూడా దాదాపు అలాంటిదే.

ముందు ఆ కాగితం సంగతి, అంటే పొదుగు సంగతి చూద్దాం.

కంపెనీ చెప్పే ఆ అంకె గాలిలోంచి పుట్టదు. పుణెలో ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని 1966లో పెట్టిన సంస్థ ఉంది. ఏఆర్‌ఏఐ అంటారు. అలాంటి గుర్తింపు ఉన్న ప్రయోగశాలల్లో కారుని రోలర్ల మీదికి ఎక్కిస్తారు. చక్రాలు తిరుగుతాయి, కారు ఉన్నచోటే ఉంటుంది. ఎదురుగా తెర మీద ఒక గీత కదులుతూ ఉంటుంది. ఇప్పుడు ఆగు, ఇప్పుడు ఇంత వేగం, ఇప్పుడు తగ్గించు అని అది చెప్పినట్టల్లా డ్రైవరు తోలాలి. మొత్తం 1180 సెకన్లు, అంటే 20 నిమిషాలు కూడా నిండవు. అన్నిటికన్నా ఎక్కువ వేగం 90. గది వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య. ఏసీ కట్టేసి ఉంటుంది. పెట్రోలు ఎంత తగ్గిందని ట్యాంకులోకి తొంగి చూడరు. వెనక గొట్టంలోంచి వచ్చే పొగను సంచుల్లో పట్టి, అందులో ఉన్న కార్బన్ని బట్టి ఎంత ఇంధనం కాలిందో తేలుస్తారు.

ఇందులో మోసం లేదు. అన్ని కార్లనీ ఒకే కొలపాత్రతో కొలుస్తున్నారు. ఈ కారా, ఆ కారా అని తేల్చుకోవడానికి ఆ అంకె అక్కరకొస్తుంది. నరసరావుపేటలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మన బండి ఎంతిస్తుందో మాత్రం అది చెప్పదు. అది చెప్పాలని ఆశించడం మన పొరపాటు. అలా ఆశించేట్టు ప్రకటన వేస్తే వాళ్ల పొరపాటు.

ఆ పొరపాటు కోర్టుల దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. కేరళలో ఒక మహిళ, లీటరుకు 32 కిలోమీటర్లు ఇస్తుందన్న ప్రకటన చూసి డీజిలు కారు కొన్నారు. రాలేదు. త్రిసూర్ జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. అక్కడ ఏం చేశారంటే, నిపుణుణ్ని పెట్టి బండిని రోడ్డు మీద తోలించి చూశారు. 19.6 వచ్చింది. 2022లో ఆమెకు 3 లక్షల 10 వేల రూపాయలు ఇవ్వాలని తీర్పు వచ్చింది. మా నాన్న అరుగు మీద కూర్చుని పితికించుకున్న న్యాయమే అది! అమెరికాలోనూ 2012లో రెండు కంపెనీలు సుమారు 9 లక్షల కార్ల మైలేజీ అంకెలను తగ్గించి మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

సరే, ఇప్పుడు నాన్న మొదటి ప్రశ్న. దీనికేం పెడుతున్నారు?

పెట్రోలే కదా అంటాం. కానీ ఆ పెట్రోలు మారింది. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఇరవై శాతం ఇథనాలు పెట్రోలు రెండేళ్లలో దేశమంతా బంకులకు చేరింది. ఇథనాలు చెరకు నుంచీ, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ వస్తుంది. మన రైతుకి మంచిదే, విదేశీ చమురు ఖర్చూ తగ్గుతుంది. అయితే లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికన్నా దాదాపు మూడో వంతు తక్కువ. అయిదో వంతు కలిపారు కాబట్టి, మొత్తం మీద లీటరుకి ఆరేడు శాతం బలం తగ్గినట్టు. 2021లో నీతి ఆయోగ్ నిపుణుల నివేదిక కూడా పాత కార్లకు తగ్గుదల ఆరు, ఏడు శాతం ఉండొచ్చనీ, దీనికి తగ్గట్టు సరిదిద్దిన కొత్త ఇంజన్లకు ఒకటి, రెండు శాతమే ఉంటుందనీ చెప్పింది. తెలగపిండి తగ్గించి చిట్టు పెంచితే గేదె ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక సీఎన్‌జీ. "మాది కిలోకి 34 ఇస్తంది, నీది 24 ఏంది?" అని మీసం తిప్పేవాళ్లున్నారు. కిలో వేరు, లీటరు వేరు. కిలో గ్యాసులో ఉండే శక్తి సుమారు లీటరున్నర పెట్రోలుకి సమానం. ఆ లెక్కన చూస్తే రెండు బండ్లూ అన్నదమ్ములే. తేడా ఉన్నదల్లా ధరలో. కాబట్టి అక్కడ కిలోమీటర్లు పక్కనపెట్టి, కిలోమీటరుకి ఎన్ని రూపాయలు అని అడగాలి.

తిండి మాట వచ్చింది కాబట్టి నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒకసారి మైలేజీ ఉన్నట్టుండి పడిపోయింది. బంకు మీద అనుమానం వచ్చింది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉంటుంది. ఎవరైనా అడిగి కొలిపించుకోవచ్చు. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల తేడా వరకే చెల్లుతుంది. నేనూ కాస్త బిగువుగానే అడిగాను. పంపు కుర్రాడు మారు మాట్లాడకుండా పాత్ర తెచ్చి పట్టాడు. గీత మీద కూర్చుంది పెట్రోలు. నా మొహం చూసి వాడికి జాలేసినట్టుంది. "సార్, బండి న్యూట్రల్లో పెట్టి ఓసారి తొయ్యండి" అన్నాడు. తోశాను. కదల్లేదు. ఇద్దరం తోస్తే మూలుగుతూ కదిలింది. వాడు వంగి వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. కాలిపోతోంది. బ్రేకు పట్టేసి ఎన్నాళ్లయిందో! నా పెట్రోలు ఆ చక్రాన్ని వేడి చెయ్యడానికి ఖర్చవుతోంది, నేను బంకువాణ్ని అనుమానిస్తున్నాను. చదునైన చోట న్యూట్రల్లో పెడితే ఒక మనిషి తోపుకి చిన్న కారు కదలాలి. టైర్లలో గాలి తగ్గినా ఆ తోపులోనే తెలిసిపోతుంది. నెలకోసారి ఈ పరీక్ష చేసుకోవడానికి కాణీ ఖర్చు లేదు.

రెండో ప్రశ్న. ఎక్కడ మేస్తుంది?

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. పెట్రోలు పోయించినప్పుడల్లా అందులో రాస్తాను. అందులోంచి మూడు వరసలు చదువుతాను వినండి. నరసరావుపేట ఊళ్లోనే తిరిగిన నెల, 14. గుంటూరు పోయి వచ్చినవే ఎక్కువగా ఉన్న నెల, 21. మే నెలలో నలుగురం ఏసీ వేసుకుని మాచర్ల వెళ్లి వచ్చినప్పుడు, 17. కారు అదే, బంకు అదే. కాగితం మీద 24.

ఊళ్లో 14 ఎందుకంటే, పాల ప్యాకెట్టుకి కిలోమీటరు, మందుల షాపుకి రెండు కిలోమీటర్లు. ఇంజను పూర్తిగా వేడెక్కేలోగానే ఇంటికొచ్చేస్తాం. చల్లగా ఉన్న ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. దానికి తోడు మన పల్నాడు రోడ్డు మీద మిరపకాయ టిక్కీల లారీ ఒకటి అడ్డం తిరిగితే పావుగంట. కదలకుండా ఆగి ఉన్న చిన్న కారు కూడా ఏసీ వేసుకుంటే గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది. అప్పుడు మైలేజీ ఎంత? సున్నా. రైల్వే గేటు పడినప్పుడు ఇంజను కట్టేసేవాళ్లని పిసినారులని నవ్వుకుంటాం కానీ, నవ్వవలసింది వాళ్లు.

ఇక ఎండ. ఎండాకాలం వార్తల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత అనగానే రెంటచింతల పేరు వినడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. పరీక్ష గదిలో 30 డిగ్రీలు దాటనివ్వరు. మన రెంటచింతలలో 45 దాటుతుంది. అక్కడ ఏసీ లేకుండా వెళ్లమని నేను చెప్పను, నేనూ వెళ్లను. కానీ ఆ చల్లదనం ఇంజను నుంచే రావాలి. పదిమంది ఉన్న ఇంట్లో ఒక చుట్టం వస్తే తెలియదు, ఇద్దరున్న ఇంట్లో తెలుస్తుంది. పెద్ద ఇంజనుకి ఏసీ ఆ మొదటి చుట్టం, చిన్న ఇంజనుకి రెండో చుట్టం. మరీ ఎండల్లో, దగ్గర దగ్గర ప్రయాణాల్లో ఏసీ వల్ల మైలేజీ పాతిక శాతానికి పైగా కూడా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క. ఒక చిన్న ఉపాయం ఉంది. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే ఏసీ వెయ్యకండి. తలుపులు తీసి లోపలి సెగను పోనివ్వండి. అర కిలోమీటరు అద్దాలు దించి తోలండి. ఆ తర్వాత వేస్తే ఏసీకి పని తగ్గుతుంది.

ఎత్తు సంగతి కోటప్పకొండకి వెళ్తే తెలుస్తుంది. కారూ, నలుగురు మనుషులూ కలిపి 1200 కిలోలనుకుందాం. ఘాట్ రోడ్డులో 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి, మామూలుగా అయ్యే ఖర్చు కాక, అదనంగా సుమారు 150 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అంటే ఓ కాఫీ కప్పు నిండా. కొండ మీది దేవుడి దగ్గరికి మెట్లెక్కి వెళ్తే పుణ్యం ఎందుకు ఎక్కువో దీన్ని బట్టి తెలుస్తుంది.

దిగేటప్పుడు మనవాళ్లు చేసే పని ఒకటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలేస్తారు. కార్బురేటర్ల కాలంలో పెద్దలు నేర్పిన అలవాటది. ఇప్పటి ఇంజన్లలో గేరు వేసి ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే, పెట్రోలు చిమ్మడమే ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్లో అయితే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. పెట్రోలూ దండగ, ప్రాణానికీ ముప్పు.

ఇక మూడో ప్రశ్న. నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఎవరి చేతికి చేపుతుంది?

పాడి ఉన్నవాళ్లకి తెలుసు. అదే గేదె, అదే మేత. ఇంటి ఇల్లాలు కూర్చుంటే బిందె నిండుతుంది, కొత్తవాడు కూర్చుంటే కాలు విదిలిస్తుంది. కారు కూడా అంతే, చేతికి బదులు పాదానికి చేపుతుంది.

అరవై వేగంతో పోయే కారుని బ్రేకు వేసి ఆపామంటే, ఆ వేగం తెచ్చుకోవడానికి కాల్చిన మూడు టీ చెంచాల పెట్రోలుని వేడిగా మార్చి గాలిలో కలిపేశామన్నమాట. పిడుగురాళ్ల దాకా సున్నం లారీల వెనకా సిమెంటు లారీల వెనకా దూకుడుగా ఎక్కించి, ఇరవైసార్లు బ్రేకు కొట్టామంటే పావు లీటరుకు పైనే పోయినట్టు. ముందున్న లారీ వెనక దీపం వెలగ్గానే కాలు తీసేసేవాడికి ఆ పావు లీటరు మిగులుతుంది.

వేగం కూడా అంతే. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. పాఠం చెప్పే అలవాటు, క్షమించాలి. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది పాతిక శాతమే, గాలి అడ్డు మాత్రం 56 శాతం పెరుగుతుంది. నరసరావుపేట నుంచి గుంటూరు 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దారంతా ఖాళీగా ఉందనుకున్నా, 80లో 34 నిమిషాలు, 100లో 27 నిమిషాలు. మిగిలింది ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ గుంటూరులో టీ కొట్టు దగ్గర ఖర్చుపెడతాం. 1973 చమురు కరువు తర్వాత అమెరికా అంతటి దేశమే తన హైవేల మీద గంటకి 55 మైళ్లు, అంటే మన లెక్కలో 88 కిలోమీటర్లు దాటకూడదని చట్టం చేసింది. కారణం ఈ వర్గమే. పైన క్యారియరు మీద పరుపు చుట్టలు కట్టేవాళ్లూ ఇది గుర్తుంచుకోవాలి. వాటి బరువు కన్నా అవి గాలికిచ్చే అడ్డే ఎక్కువ తినేస్తుంది.

మా అబ్బాయి పండక్కి వచ్చి వారం రోజులు బండి తోలాడు. నా పుస్తకంలో ఆ వారం వరస 12 అని ఉంది. వాడి అమ్మ చూడకుండా దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. నెలకి 1000 కిలోమీటర్లు తిరిగే బండి. పెట్రోలు లెక్క కోసం లీటరు 110 రూపాయలనుకుందాం. లీటరుకు 15 ఇస్తే దాదాపు 67 లీటర్లు కావాలి. 20 ఇస్తే 50 చాలు. నెలకి 17 లీటర్ల తేడా, అంటే 1800 రూపాయలకు పైనే. 20 నుంచి 25కి పెంచితే? మళ్లీ అయిదే పెరిగింది కదా, అంతే మిగులుతుందనుకుంటాం. మిగిలేది 10 లీటర్లే. ఎక్కువ తాగే బండిని కాస్త అదుపులో పెట్టడంలో ఉన్న లాభం, బాగా ఇచ్చే బండిని ఇంకా పిండటంలో లేదు. యూరప్‌లో చాలా దేశాలవాళ్లు ఈ చిక్కు లేకుండా ప్రశ్నను తిరగేసి అడుగుతారు. 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తాగుతుంది అని. నిజానికి గేదె పాలిస్తుంది కానీ కారు ఇచ్చేదేముంది, తాగడమే కదా!

ఇదంతా తేల్చుకోవడానికి ఒక పుస్తకమూ, ఒక పెన్నూ చాలు. పంపు తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపించండి. ఆగాక ఇంకో యాభై రూపాయలకని కుక్కించవద్దు. ట్రిప్ మీటరు సున్నా చెయ్యండి. కనీసం 300 కిలోమీటర్లు మీరు మామూలుగా ఎలా తిరుగుతారో అలాగే తిరగండి. మళ్లీ అదే బంకులో, అలాగే ఆగేదాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లని ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. అదే మీ బండి నిజం. డాష్‌బోర్డు మీద వెలిగే అంకెని దీంతో పోల్చి చూస్తే, అది ఎంత ముఖస్తుతి చేస్తోందో కూడా తెలిసిపోతుంది. పక్కన రెండు మాటలు రాసుకోండి: ఊళ్లోనా, పొరుగూరా, ఎవరు తోలారు. నాలుగు నెలలు రాశాక, ఎప్పుడైనా అంకె ఉన్నట్టుండి పడిందంటే మెకానిక్కు కన్నా ముందు మీకే తెలుస్తుంది. నా బ్రేకు సంగతి అలా బయటపడిందే.

అన్నట్టు, ఎదురింటాయనకి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. గేదె కథ చెప్పి, ఓ కొత్త నోటుపుస్తకం చేతిలో పెట్టాను. ఆయనకీ చిన్న కారుంది. ఎప్పుడు చూసినా కంపెనీని తిట్టుకుంటూ ఉండేవాడు. మూడు నెలలయ్యాక ఓ సాయంత్రం గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పుస్తకం చంకలో ఉంది.

"లెక్క తేలింది మేస్టారూ. నా చేతికి పదహారు, మా పెద్దోడి చేతికి పన్నెండు" అన్నాడు. కాసేపాగి, గొంతు తగ్గించి, "గేదెని మార్చే పని లేదండి" అన్నాడు.